పాదం కింద పాటల మాయ!

అబ్బాయి ముచ్చటపడ్డాడని ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చారు. తీరా వాయిస్తే సినిమా పాటల్లో వినిపించే ఆ గరగర, ఆ ప్రతిధ్వని రావడం లేదు. వస్తాయి... వాటికోసం గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య కాలితో నొక్కే చిన్న డబ్బాలుండాలి. అవే ఎఫెక్ట్స్ పెడళ్లు!

డిస్టార్షన్ పెడల్ స్వరాన్ని గరుకుగా మారుస్తుంది. డిలే, వాయించినదాన్నే కాస్త ఆగి మళ్లీ వినిపిస్తుంది. రివర్బ్ పెడితే పెద్ద హాల్లో వాయించినట్టుంటుంది.

అన్నట్టు, ఈ గరగర ఓ రిపేరు పుణ్యమే! 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ని రికార్డు చేస్తుంటే స్టూడియో పరికరం మొరాయించి గ్రేడీ మార్టిన్ గిటార్ గరగరలాడింది. అలాంటి శబ్దం కోసమే 1962లో ‘ఫజ్‌టోన్’ పెడల్ వచ్చింది.

ఇవన్నీ నేర్పే మాస్టారు రామాపురం లాంటి ఊళ్లో దొరకడం కష్టమే. అయితేనేం, నెట్‌లో ఉచిత వీడియోలు బోలెడు. టాస్మేనియాలో పుట్టిన జస్టిన్ శాండర్‌కో 2003లో మొదలుపెట్టిన వెబ్‌సైట్‌లో ఓనమాల నుంచీ గిటార్ నేర్చుకోవచ్చు.

అలాగని వీడియోలో చూసిన ప్రతి పెడలూ కొనేస్తే జేబుకు చిల్లే. డిస్టార్షన్ మోతలో వేళ్ల తడబాటూ మరుగున పడిపోతుంది. అందుకే ముందు ఏ ఎఫెక్టూ లేకుండా పాట శుభ్రంగా పలకాలి. ఆ తర్వాత ఒక్క పెడల్ తీసుకుని, ఒక్కో నాబ్‌నే తిప్పుతూ తేడా గమనించాలి. వాయించింది ఫోన్లో రికార్డు చేసుకుని వినాలి. ఎందుకంటే వీడియోలోని గురువు ఎంత బాగా చెప్పినా, మన వాయింపు వినలేడు. ఆ పని మన చెవులదే!