సముద్రములోని నూనెభరిణ

బలహీనులైన బిడ్డలకు కాడ్‌లివర్ నూనె పట్టుట మన యిండ్లలో చాలకాలముగా నున్న యలవాటే. ఆ నూనె చేపనుండి వచ్చునని యందఱు నెఱుగుదురు. మఱి అందలి ఒమేగా-3 క్రొవ్వులు చేపకెచ్చటినుండి వచ్చినవి? చేప వానిని తనంతట చేసికొనగలిగినది మిక్కిలి తక్కువ. పెద్దచేప చిన్నచేపను, చిన్నచేప సూక్ష్మజంతువులను, ఆ జంతువులు కంటికి కానరాని నాచును దినుటచే నవి చేపకు సంక్రమించును. ఆ నాచులలో ముఖ్యమైన డయాటములను గూర్చి సోదరీమణులకు కొంత చెప్పదలచితిమి.

డయాటము ఏకకణజీవి. దాని గోడ సాధారణముగా గాజునకు మూలమైన సిలికాతో నేర్పడి, కుంకుమభరిణవలె మూతయు నడుగుభాగమును గలిగి యుండును. భూమిపై సూర్యరశ్మితో జరుగు నాహారోత్పత్తిలో సుమారు ఐదవవంతు వీనిదే యని శాస్త్రజ్ఞుల యంచనా. మన కోస్తాతీరమునందలి రొయ్యపిల్లల కేంద్రములలో కీటోసెరస్ అను డయాటమును తొట్లలో పెంచి, మేత మొదలిడిన చిఱుపిల్లల కాహారముగా నిత్తురు.

నూనెకొఱకు డయాటములను పెంచువారికొక చిక్కు కలదు. నీటిలో నత్రజని తగ్గినప్పుడు, కఱవునకు ముందుగా గాదె నింపుకొను గృహిణివలె, ఈ జీవి నూనె దాచుకొనును. కాని యప్పుడు దాని పెరుగుదల యాగిపోవును. నత్రజని సమృద్ధిగా నున్నచో చక్కగా పెరుగును గాని నూనె తక్కువ.

ఈ చిక్కు విడవలెనన్న ఆ కణమును నడుపు వ్రాతను చదువవలెను. ప్రతి జీవికణమునందును నాలుగే యక్షరములతో సాగు నా వ్రాతను జీనోమ్ అందురు. 2004లో థలాసియోసిరా స్యూడోనానా అను డయాటముయొక్క జీనోమును మొదటిసారిగా చదివిరి. అందు సుమారు 3 కోట్ల 40 లక్షల యక్షరములు కలవు. మన కాలేయమున జరుగు యూరియాచక్రమునకు వలయు జన్యువులు అందు కనబడుట చదివినవారికే యాశ్చర్యము గొలిపెను. నూనెకును, ఫ్యూకోజాంథిన్ అను గోధుమవన్నె రంగునకును పెంపబడు ఫియోడాక్టిలమ్ ట్రైకార్నూటమ్ జీనోము 2008లో వెలువడెను. అందు సుమారు 2 కోట్ల 70 లక్షల యక్షరములును, 10 వేలకు పైగా జన్యువులును గలవు. మనుష్యుని వ్రాత సుమారు 300 కోట్ల యక్షరములు.

చదువు వ్యర్థము కాలేదు. 2013లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థవారు థలాసియోసిరాలో క్రొవ్వును విఱుగగొట్టు నొక జన్యువు పనిని తగ్గించిరి. నూనె హెచ్చెను, పెరుగుదలయు కుంటుపడలేదు. 2014లో ఇంగ్లండునందలి రోతామ్‌స్టెడ్ పరిశోధకులు ఫియోడాక్టిలములో వేఱొక నాచు జన్యువును జేర్చి, శిశువుల మెదడునకును కన్నులకును వలయు డి.హెచ్.ఏ. అను క్రొవ్వును అధికము చేసిరి.

అయినను తొందరపడరాదు. నీటినుండి నాచును వేఱుచేయుట, ఆరబెట్టుట నేటికిని వ్యయముతో గూడిన పనులే. అంగళ్లలో దొరకు డి.హెచ్.ఏ. నాచునూనెలలో చాలభాగము డయాటములది కాదు; వేఱు సూక్ష్మజీవులనుండి తీసినది. చేప ముట్టని గర్భిణులును బాలింతలును అట్టి నూనె వాడదలచినచో సీసాపై వ్రాత చదివి, వైద్యుని సలహా గైకొనుట మేలు. చేపలు తఱుగుచున్న సముద్రములపై భారము తగ్గి, శాకాహారుల యింటి బిడ్డకును ఆ క్రొవ్వు సులభముగా లభించునాడు ఈ చదువు సార్థకమగునని మా విశ్వాసము.