పట్టికలో 24 ఆంపియర్లు ఉంది, మరి సాకెట్టు ఎందుకు మాడింది?



పోయిన వారం మన గుంపులో ఒక అన్న ఫోటో పెట్టినారు. హీటరు సాకెట్టు నల్లగా మాడిపోయింది, దాని వెనక వైరు మీది ప్లాస్టిక్ తొడుగు కరిగి రాగి బయటపడింది. “రాత్రి రెండు గంటలకు వాసన వచ్చి లేచినాను కాబట్టి సరిపోయింది. పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి” అని రాసినారు. కింద ఒక ప్రశ్న అడిగినారు: “వైరు 2.5. పట్టికలో దానికి 24 ఆంపియర్లు అని ఉంది. నా రెండు హీటర్లకు 17 చిల్లర. ఇంకా ఆరేడు ఆంపియర్లు మిగిలే ఉంది కదా, ఎందుకు కాలింది?”

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు వైపు చలికాలం వస్తే చాకీ గదిలో 27, 28 డిగ్రీలు నిలబెట్టాలని రాత్రంతా హీటర్లు పెడతాము. ఇంట్లో ఇస్త్రీపెట్టె పది నిమిషాలు వాడి తీసేస్తాము. ఇక్కడ హీటరు పది గంటలు ఆగకుండా నడుస్తుంది, వైరుకు ఆరే సమయం ఉండదు. అందుకని ఆ 24 అనే అంకెను ఎట్లా చదవాలో ఈ వారం చూద్దాము.

*ఆ 24 ఎక్కడిది?*

వైరులో కరెంటు పోతే రాగి వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు అవుతుంది. మనం వాడే మామూలు పీవీసీ తొడుగు వైరులో రాగి 70 డిగ్రీలు దాటకూడదు. దాటితే తొడుగు మెల్లగా గట్టిపడి, పగిలి, ఒకనాటికి రాలిపోతుంది. పట్టికలోని ఆంపియర్లు అంటే రాగి ఆ 70 దగ్గర ఆగేంత కరెంటు అన్నమాట.

అయితే పట్టిక రాసినవాళ్ళు కొన్ని షరతులు పెట్టుకొని రాస్తారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 24 ఆంపియర్లు అనేది ఈ షరతులకు: వైరు గోడ మీది పైపులో ఉండాలి, ఆ పైపులో ఒకే జత, అంటే కరెంటు పోయే వైరు, తిరిగి వచ్చే వైరు మాత్రమే ఉండాలి, చుట్టూ గాలి వేడి 30 డిగ్రీలు ఉండాలి. మన షెడ్డు ఈ షరతులకు సరిపోదు. అప్పుడు అంకెను తగ్గించుకోవాలని కోడే చెప్తుంది. తగ్గింపు గుణకాలు కూడా ఆ పట్టికల పక్కనే ఉంటాయి.

*మొదటి తగ్గింపు: వేడి*

“చలికాలంలో వేడి ఎక్కడిది?” అంటారేమో. కోడు అడిగేది గది మధ్యలో పెట్టిన థర్మామీటరు అంకెను కాదు, వైరు పోయే దారిలో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటును. వేడి గాలి పైకి పోతుంది. పైపు రేకుకు ఆనుకొని, హీటరు నెత్తిన పోతూ ఉంటే అక్కడ 40 డిగ్రీలు ఉండడం వింత కాదు. 40 డిగ్రీలకు గుణకం 0.87. ఎండాకాలంలో అదే రేకు కింద 45 ఉంటే 0.79, 50 ఉంటే 0.71. మరాఠ్వాడా వైపు మనవాళ్ళు వేసవిలో కూలర్లు నడిపేటప్పుడు ఈ కింది అంకెలే వాడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన దేశపు కేబుల్ పట్టికలు కొన్ని 30కి కాకుండా మొదటే 40 డిగ్రీలకు రాసి ఉంటాయి. వాటిని చూసి మళ్ళీ 0.87తో తగ్గిస్తే ఒకే వేడికి రెండుసార్లు తగ్గించినట్టు. ఏ పట్టిక చూసినా ముందు దాని పైన ఏ వేడికి రాసినారో చదవండి. డబ్బా మీద ఒట్టి ఆంపియర్లే ఉండి వేడి, పైపు సంగతి లేకుంటే ఆ అంకెను నమ్మి లెక్క వేయకండి.

*రెండో తగ్గింపు: పైపులో తోడు*

ఒకే పైపులో రెండు జతలు పోతే ఒకదాని వేడి ఇంకొకదానికి తగులుతుంది. రెండు జతలకు గుణకం 0.80, మూడింటికి 0.70. లైట్ల జతను కూడా లెక్కలోకి తీసుకోవాలా? ఆ పైపులో తనకు వచ్చే ఆంపియర్లలో 30 శాతం కూడా మోయని జతను వదిలేయవచ్చని నియమం ఉంది. నాలుగు ఎల్ఈడీ బల్బులకు ఒక ఆంపియరు కూడా పట్టదు, దాన్ని వదిలేయవచ్చు. చాకీ గది హీటరు జతను మాత్రం వదలకూడదు.

*అన్న షెడ్డు లెక్క*

అన్నది రేకుల షెడ్డు. పెద్ద గదిలో రెండు హీటర్లు ఒకే లైను మీద ఉన్నాయి. చాకీ గది హీటరు లైను కూడా అదే పైపులో పోతుంది.

ఒక హీటరు 2000 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు. రెండింటికి 17.4.

వైరు సామర్థ్యం: 24 × 0.87 × 0.80 = 16.7 ఆంపియర్లు.

మిగిలింది ఆరేడు కాదు, ముక్కాలు ఆంపియరు తక్కువే పడింది. నిజం చెప్పాలంటే ఈ ముక్కాలు ఆంపియరుకు ఒక్క రాత్రిలో ఏ వైరూ కాలదు, ఏళ్ళ మీద పాడవుతుంది. ఆ రాత్రి మాడింది సాకెట్టు. రెండు హీటర్లూ ఒక మల్టీప్లగ్గుతో ఒకే సాకెట్టుకు పెట్టినారు. దాని మీద రాసింది 16 ఆంపియర్లు, రాత్రంతా మోసింది 17.4. దానికి తోడు పంటకు పంటకు మధ్య బ్లీచింగ్ పౌడర్ కొడతాము, ఆ క్లోరిన్ సాకెట్టు లోపలి లోహాన్ని తింటుంది. పిన్ను వదులై, తుప్పు పట్టిన చోట వేడి పుడుతుంది. వైరు పట్టికలో సాకెట్టు గురించి, స్క్రూ బిగింపు గురించి ఒక్క మాటా ఉండదు. లైను మొత్తంలో అన్నిటికంటే బలహీనమైన చోటుదే లెక్క.

*ఎంసీబీ ఎందుకు పడలేదు?*

నన్ను భయపెట్టింది ఇదే. మొదట అక్కడ 16 ఎంసీబీ ఉండేది. అప్పుడప్పుడు పడిపోతుంటే, పురుగులకు చలి తగులుతుందని 32 వేయించినారు. అది పడడం మానేసింది. “రోగం పోయింది” అనుకున్నారు.

ఎంసీబీ తన మీది అంకె దాటగానే పడదు. నియమం ప్రకారం అంకెకు 1.13 రెట్ల దగ్గర గంట సేపు పడకుండా నిలబడాలి, 1.45 రెట్ల దగ్గర గంట లోపల పడాలి. 32కు 1.45 రెట్లు అంటే 46 ఆంపియర్లు. 16.7 మోసే వైరుకు 46 దాకా అడ్డం పడనివాడిని కాపలా పెట్టినట్టు. ఎంసీబీ ఉండేది హీటరు కోసం కాదు, వైరు కోసం.

కోడులో దీనికి సూత్రం ఒక్కటే: లోడు కంటే ఎంసీబీ తక్కువ కాకూడదు, వైరు సామర్థ్యం కంటే ఎంసీబీ ఎక్కువ కాకూడదు. సామర్థ్యం అంటే తగ్గింపులన్నీ అయినాక మిగిలిన అంకె.

*ఏం చేయవచ్చు?*

1. ఒక్కొక్క హీటరుకు ఒక్కొక్క లైను. పైపులో మూడు జతలు అవుతాయి కాబట్టి 24 × 0.87 × 0.70 = 14.6. లోడు 8.7, ఎంసీబీ 10, వైరు 14.6. వరుస సరిపోయింది. ఒక లైను పోయినా గదిలో ఇంకొక హీటరు నడుస్తూనే ఉంటుంది కాబట్టి నేనైతే ఇదే చేస్తాను.

2. లేదా రెండు హీటర్ల లైనును 4 చదరపు మిల్లీమీటర్ల వైరుకు మార్చండి. పట్టికలో దానికి 32. 32 × 0.87 × 0.80 = 22.3. లోడు 17.4, ఎంసీబీ 20, వైరు 22.3. హీటరుకొక సాకెట్టు తప్పనిసరి.

3. మీటరు నుంచి షెడ్డు దూరమైతే వైరు సామర్థ్యం సరిపోయినా వోల్టేజీ పడిపోతుంది. 2.5 వైరులో 17.4 ఆంపియర్లు 40 మీటర్లు పోతే సుమారు 12 వోల్టులు దారిలోనే పోతాయి. హీటరు వేడి పదో వంతు తగ్గుతుంది. 4 వైరైతే సుమారు 8 వోల్టులు.

4. పైపును రేకుకు ఆనించకుండా, హీటరు నెత్తిన పోకుండా గోడ పక్కగా దించండి. ఖర్చు లేని పని ఇదే.

5. మందు కొట్టే ముందు మెయిన్ ఆపి సాకెట్లకు ప్లాస్టిక్ కవరు కట్టండి. పంట ముగిసినప్పుడల్లా మెయిన్ ఆపి స్క్రూలు బిగించండి. హీటర్లు గంట సేపు నడిచినాక ప్లగ్గు పై భాగం చేతితో తాకి చూడండి. చెయ్యి ఆనించలేనంత కాగితే ఆ సాకెట్టు మార్చాల్సిందే.

6. ఎంసీబీ మనిషిని కాపాడదు. తడి నేల, తడి ఆకు ఉండే మన గదులకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, మంచి ఎర్తింగు రెండూ ఉండాలి.

ఈ పనులు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. కానీ లెక్క మాత్రం మీరే ముందు కాగితం మీద వేసుకొని, ఆయన వచ్చినప్పుడు చేతిలో పెట్టండి. “ఎంసీబీ పడుతోంది, పెద్దది వేస్తే సరిపోతుంది” అని ఎవరైనా అంటే, “మరి వైరు ఎంత మోస్తుంది?” అని ఒక్క మాట అడగండి.

ఆ అన్న షెడ్డులో ఇప్పుడు మూడు లైన్లు, మూడు 10 ఎంసీబీలు ఉన్నాయి. పురుగులు జ్వరం దాటి లేచి ఆకు తింటున్నాయి. మీ షెడ్డు లెక్కలో ఎక్కడైనా ఆగిపోతే హీటరు వాట్లు, వైరు సైజు, పైపులో ఎన్ని జతలు, ఎంసీబీ అంకె, ఈ నాలుగూ రాసి గుంపులో పెట్టండి. కలిసి చూద్దాము.