ఎమ్మెస్సీ తర్వాత యెక్కడికి?

మిరప కోతల నాళ్లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల చేలు చూడండి. కాయ కోసేవారూ, కల్లంలో తాలుకాయ యేరేవారూ చాలామట్టుకు ఆడవాళ్లే. 2021 చివర నల్ల తామరపురుగు పూతను పీల్చి తోటలకు తోటలే నాశనం చేసినప్పుడు కూలి పోగొట్టుకొన్నవారిలోనూ వారే యెక్కువ. అటువంటి పురుగులకు విరుగుడు వెదకవలసింది లాం ఫారం వంటి పరిశోధనా క్షేత్రాలూ, విశ్వవిద్యాలయాలూను. మరి దేశంలో ఆ పని చేసే స్త్రీలు యెందరు?

సైన్సు చదివే అమ్మాయిలకు కొదవ లేదు. గుంటూరులో ఆడపిల్లల కళాశాల 1942లోనే వెలిసింది. 2021-22 లెక్కల ప్రకారం దేశంలో ఉన్నతవిద్యలో సైన్సు చదివేవారు 57.2 లక్షలు, అందులో అమ్మాయిలే 29.8 లక్షలు! కాని 2018 నాటి లెక్కల్లో పరిశోధకులలో స్త్రీలు నూటికి పదిహేడుగురైనా లేరు.

ఒకప్పుడు తలుపే తెరిచేవారు కారు. 1933లో కమలా భాగవత్ అనే బొంబాయి పట్టభద్రురాలు బెంగుళూరు సైన్సు సంస్థలో చేరబోతే, ఆడపిల్ల అని సాక్షాత్తు సి.వి. రామన్ గారే కాదన్నారు. ఆమె పట్టు విడవలేదు. ఒక యేడు పరీక్షగా వుండమన్నారు, వుండి నెగ్గింది. 1939లో కేంబ్రిడ్జి డాక్టరేటు సంపాదించింది.

నేడు తలుపు తెరిచే వుంది. చిక్కంతా ఇంట్లోనే. ఎమ్మెస్సీ ముగిసేసరికి అమ్మాయికి ఇరవైమూడేళ్లు వస్తాయి. పిహెచ్.డి.కి మరో అయిదారేళ్లు. సంబంధాలు చూసేదీ, బిడ్డలు పుట్టేదీ సరిగ్గా ఆ యేళ్లలోనే గదా! అబ్బాయికి పెళ్లయినా పరిశోధన సాగుతుంది. అమ్మాయికైతే "తర్వాత చూద్దాంలే" అంటారు.

ప్రభుత్వం ఈ చిక్కు గుర్తించకపోలేదు. 2016 నాటి యు.జి.సి. నిబంధనలు పిహెచ్.డి. చేసే స్త్రీకి గడువు మీద రెండేళ్లు అదనంగా ఇచ్చాయి. ప్రసూతికీ, శిశుపోషణకూ ఒకసారి 240 రోజుల సెలవు కూడా ఇచ్చాయి.

అయితే సెలవు ముగిశాక బిడ్డను యెత్తుకొనేదెవరు? అమ్మమ్మా, నాయనమ్మా, అందరికంటె ముందు నాన్న! అంచేత సంబంధం మాట్లాడేనాడే "మా అమ్మాయి పరిశోధన పూర్తి చేస్తుందండీ" అని ఆడపెళ్లివారు చెప్పాలి; మగపెళ్లివారు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. రేపు మరో పురుగు మన మిరపతోటల మీద పడితే, దాని గుట్టు విప్పగల అమ్మాయి ప్రయోగశాలలో వుండాలి గాని, పట్టా పెట్టెలో దాచుకొని ఇంట్లో కూర్చోకూడదు.