మన తీరమున తాబేళ్లకు కావలి

పుష్యమాసము మొదలు ఫాల్గుణాంతము వఱకు, అనగా సుమారుగా జనవరి నుండి మార్చి వఱకు, చెన్నపురి సముద్రతీరమున రాత్రివేళ కొందఱు యువకులు, యువతులు దీపములు లేకుండ నడచుచుందురు. నీలాంగరై యొద్ద బయలుదేరి, పాలవాక్కము, కొట్టివాక్కము, తిరువాన్మియూరు దాటి, తెల్లవాఱుజామునకు బీసెంటునగరు చేరుదురు. దూరము సుమారు 7 కిలోమీటర్లు. వీరికి జీతము లేదు. గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డెక్కు ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లను, వాని గూళ్లను వెదకుటయే వీరి పని. పై తరగతుల పిల్లలు "మేమును పోయి వత్తుము" అని యడిగినపుడు ఆ నడక యెట్టిదో తల్లిదండ్రులు ముందుగా తెలిసికొనియుండుట మంచిది.

ఇది నిన్న మొన్నటి పని కాదు. 1970వ దశకముననే రోములస్ విటేకరు మొదలగువారు ఈ తీరమున రాత్రి నడకలు సాగించిరి. ఆనాడు గ్రుడ్లను త్రవ్వి తినుటకును, అమ్ముటకును కొనిపోవువారుండిరి. 1988లో విద్యార్థులే కూడి ఆ పనిని తమ చేతిలోనికి తీసికొనిరి. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ అని ఆ సంఘమునకు పేరు. పేరు పొడవైనదే గాని, పరికరములు మాత్రము ఒక కఱ్ఱ, ఒక సంచి, కొలతటేపు, నోటుపుస్తకము.

ఇసుకపై తాబేలు ప్రాకిన జాడ చిన్న ట్రాక్టరు చక్రపు అచ్చువలె నుండును. వచ్చిన జాడయు, మరలిన జాడయు కలియుచోట ఇసుక కెలికినట్లు కానవచ్చును. అచ్చట కఱ్ఱతో మెల్లగా గ్రుచ్చి చూతురు. గట్టి ఇసుకలో కఱ్ఱ దిగదు. గూటిపైనున్న వదులు ఇసుకలో చటుక్కున దిగును. ఇది చేయి తిరిగినవారి పని. నేర్వనివాడు చేసిన గ్రుడ్లు చితుకును. పిమ్మట చేతులతోనే త్రవ్వవలెను. మూరెడు లోతున కూజావంటి గుంత, మెడ సన్నము, అడుగు వెడల్పు. అందు నూఱు, నూటయిరువది గ్రుడ్లు. వానిని లెక్కించి, గూటి కొలతలు వ్రాసికొని, హేచరీ యనబడు కంచెదొడ్డిలో అదే కొలతతో గుంత తీసి పాతుదురు. ఇదంతయు కొన్ని గంటలలో ముగియవలెను. ఆలస్యమైనచో పిండము పెంకు పైభాగపు లోపొరకు అంటుకొనును. అటుపిమ్మట గ్రుడ్డు దొర్లిన పిండము చచ్చును.

తాబేలు తలంపుతోనే గ్రుడ్లను పొదుగునని మన పెద్దలు చెప్పుదురు. గురుకృపకు అది చక్కని ఉపమానము. నిజమునకు తల్లి గుంతను పూడ్చి సముద్రమునకు మరలిన పిమ్మట తిరిగి చూడదు. పొదుగునది ఇసుక వేడిమియే. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. ఇసుక చల్లగానున్న మగవి, వెచ్చగానున్న ఆడవి ఎక్కువగా పుట్టును. మితిమీరి కాగినచో అసలే బ్రదుకవు. కనుక గ్రుడ్లు పాతినంత మాత్రమున బాధ్యత తీరదు.

అట్లయిన వానిని తల్లి పెట్టినచోటనే విడువరాదా? తీరము చీకటిగా నున్నచో విడువవచ్చును. పుట్టిన పిల్ల ఎటు వెలుతురున్న అటు ప్రాకును. పూర్వము ఆ వెలుతురు కడలిపై మెఱయు ఆకాశముది. నేడు వీథిదీపములును, మేడల దీపములును వెనుకనుండి పిలుచుచున్నవి. దారి తప్పిన పిల్ల రోడ్డున పడి నలుగును, లేదా కుక్కలకు చిక్కును. తీరమునకు ఎదురుగా ఇండ్లున్న తల్లిదండ్రులు ఆ మాసములలో సముద్రమువైపు దీపములార్పిన చాలును. అదియు నడకకు తీసిపోని సాయమే.

నోటుపుస్తకమునకెక్కునవి గూళ్లు మాత్రమే కావు. చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తాబేళ్లను గూడ లెక్కింతురు. 2025 జనవరిలో చెన్నై, పరిసర తీరములలో వేయికి పైగా కళేబరములు ఒడ్డున పడెను. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించు ప్రాణి. ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేనిచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. అది తప్పించుకొని పోవుటకు వలలో అమర్చదగిన ఇనుపచట్రము కలదు; అమర్చువారే తక్కువ. జాతీయ హరిత న్యాయాధికరణము ఈ మరణములను విచారణకు గైకొన్నది. ఏటేట లెక్క వ్రాసినవారే లేకున్న, ఇది మామూలు సంవత్సరము కాదని యెవరు నిశ్చయముగా చెప్పగలిగెడివారు?

సముద్రపు తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినది. అనుమతి లేక గ్రుడ్లను తీయుట నేరము. కావున పిల్లలు తమంతట తాము వెదకబోరాదు. సంఘమువారి వెంట నడువవలెను. టార్చిగాని, ఫోను దీపముగాని వెలిగింపరాదు. వెలుతురు పడిన తల్లి గ్రుడ్లు పెట్టకయే మరలిపోవచ్చును. రాత్రి యంతయు నడచినను ఒక్క తాబేలైన కనబడని దినములే ఎక్కువ. ఆ దినమున గూళ్లు సున్న యని వ్రాయుదురు. ఆ సున్నయు లెక్కలోనిదే.

విడిచిన పిల్లలలో వేయింటికొకటి పెరిగి పెద్దదగునని అంచనా. అందుకు పది పదునైదేండ్లు పట్టును. ఆడది గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన తీరప్రాంతమునకే మరలి వచ్చును. చిన్ననాడు గుర్తు వేయుటకు వీలు లేదు గనుక, ఈ యేడు నీలాంగరైలో ఒడ్డెక్కిన తల్లి ఒకనాటి విద్యార్థుల దొడ్డిలో పుట్టినదో కాదో నడచువారికి తెలియదు.