మట్టిగుట్ట అడుగున నీళ్లు

శేరిలింగంపల్లి అద్దాల మేడల్లో సర్వర్లు, ఏసీలు రాత్రింబవళ్లు నడుస్తున్నాయంటే ఆ కరెంటులో సింగరేణి బొగ్గు వాటా పెద్దది. టన్ను బొగ్గు కోసం ఓపెన్‌కాస్ట్‌లో సుమారు ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి పెళ్లగించాలి. గోదావరిఖని, మణుగూరు, సత్తుపల్లి వాళ్లు ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలనేది ఆ మట్టినే. ఈ గుట్ట జారకుండా చూసేది గనుల భద్రత డైరెక్టరేట్. వాగులో ఒండ్రు పడిందా, మొక్కలు నాటారా అని అడిగేది పర్యావరణ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి. ఇలా రెండు ఫైళ్లుగా విడదీయడమే అసలు పొరపాటని నా వాదన. ఎందుకంటే రెండింటికీ మూలం నీళ్లే.

గుట్టలో ఇసుకరాయి, బంకమన్ను, నల్లరేగడి కలగలిసి పడతాయి. వాన నీరు లోపలికి ఇంకి బయటికి దారి దొరక్కపోతే రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరుగుతుంది, వాటిని పట్టి నిలిపే రాపిడి తగ్గుతుంది. అడుగున రేగడి నేల ఉంటే అది నాని, మీది బరువుకు జారుడుబల్ల అవుతుంది. లోపలికి ఇంకని నీరేమో వాలును చాళ్లుగా కోసి, ఆ మట్టిని చెరువుల్లోకి, పొలాల్లోకి మోస్తుంది. అంటే నీరు బయటికి పోవడానికి గుట్ట చుట్టూ తవ్విన కాలువ పూడిపోతే రైతు పొలం, గుట్ట పాదం ఒకేసారి దెబ్బతింటాయి. 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ గనిలో మట్టి దిబ్బ కింది గట్టి నేలే జారి 23 మంది చనిపోయారు. ఎత్తు, వాలు కొలిస్తే చాలదని, అడుగు నేలను కూడా పరీక్షించాలని అది చెబుతోంది. 1966లో వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో ఊట మీద పోసిన గని వ్యర్థం కూలి 144 మంది పోయారు. వాళ్లలో 116 మంది పిల్లలే. అది భూగర్భ గని వ్యర్థమైనా, కూల్చింది మాత్రం నీరే.

గుట్టల మీద చెట్లు నాటాం కదా అంటారు. నాటడం మంచిదే, దుమ్ము, పైమట్టి కోత తగ్గుతాయి. కానీ పదుల మీటర్ల లోతున జారే పొరను వేళ్లు అందుకోలేవు. పచ్చదనాన్ని చూసి గుట్ట నిలకడైందనుకోవడం ప్రమాదం. మట్టినంతా తిరిగి గోతిలో పోసేస్తే సరిపోదా అన్న ప్రశ్న బలమైనదే. బొగ్గు తీసిన చోట వెనకాలే పోయడాన్ని మించిన పద్ధతి లేదు. అయితే మొదటి కోత మట్టికి గొయ్యి ఉండదు, బయటే పోయాలి. పైగా తవ్విన మట్టి ఉబ్బి ఎక్కువ చోటు అడుగుతుంది. కొంత గుట్ట మిగలడం తప్పదు. ఖర్చు పెరుగుతుందంటారా? పెరగనీ. ఆ ఖర్చు కరెంటు బిల్లులో కనిపించాలి గానీ గుట్ట పక్క రైతు కమతంలో కాదు.

2009 నుంచి గని మూసివేతకు ఎస్క్రో ఖాతాలో డబ్బు దాచడం తప్పనిసరి. ఆ డబ్బును మొక్కల లెక్కతోనే ముడిపెట్టకూడదు. గుట్ట లోపలి నీటి మట్టం ఎంతో చూపే గొట్టాలు బిగించి, ప్రతి వానాకాలం ఆ కొలతలను, కాలువల పూడికతీత వివరాలను చుట్టుపక్కల గ్రామ పంచాయతీలకు ఇచ్చాకే దాన్ని విడుదల చేయాలి. గని మూతపడ్డాక కూడా ఆ కొలతలు ఆగకూడదు.