కలం ఎటు పోతే అటు – జపాన్ వారి జుయిహిత్సు

వ్యాసం అనగానే మనకు గుర్తొచ్చేది పరీక్ష పేపరే. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. 'వార్తాపత్రికల వల్ల లాభాలు' అని ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మనలో చాలామంది "మా దగ్గర రాయడానికి ఏముంది?" అన్నారు. మేమూ అన్నాం. అయితే చిన్న చిన్న విషయాలనే పుస్తకాలుగా రాసినవాళ్ళు జపాన్‌లో వెయ్యేళ్ళ కిందటే ఉన్నారు. అలాంటి రచనలను అక్కడ జుయిహిత్సు అంటారు.

'జుయి' అంటే అనుసరించడం, 'హిత్సు' అంటే కుంచె. పూర్వం జపాన్‌లో కుంచెను సిరాలో ముంచి రాసేవారు. ఆ కుంచె ఎటు పోతే అటు పోతూ రాసేది కాబట్టి తర్వాతి కాలంలో ఈ పేరు స్థిరపడింది. ఇందులో కథ ఉండదు, వరుస ఉండాలనే నియమం లేదు. చూసింది, విన్నది, నవ్వించింది, కోపం తెప్పించింది ముక్కలు ముక్కలుగా రాస్తారు. ఒక ముక్క రెండు వాక్యాలే ఉండవచ్చు, ఇంకొకటి రెండు పేజీలు ఉండవచ్చు.

ఈ దారిలో మొదటి గొప్ప రచయిత్రి సెయి షోనాగొన్. క్రీ.శ. 1000 ప్రాంతంలో తెయిషి మహారాణి కొలువులో ఉండేది. ఒకసారి రాణిగారికి కాగితాల కట్ట కానుకగా వచ్చిందట. దీన్ని ఏం చేద్దామని రాణి అడిగితే, తనకిస్తే తలగడ చేసుకుంటానని సెయి అన్నదట. కాగితం ఆమెకే దక్కింది. 'తలగడ పుస్తకం' అన్న పేరు అలా వచ్చిందంటారు. అందులో దాదాపు 300 ముక్కలున్నాయి. వాటిలో జాబితాలు చాలా ప్రసిద్ధం. చిరాకు పుట్టించేవాటిలో, మనం తొందరలో ఉన్నప్పుడు వచ్చి కదలకుండా కబుర్లు చెప్పే మనిషిని, నిద్ర పట్టే వేళకు చెవి దగ్గర పాడే దోమను చేర్చింది. దోమ సంగతి మనకు వేరే చెప్పాలా!

ఆమె కాలం సుఖంగా సాగలేదు. 995లో రాణి తండ్రి చనిపోయాడు. 996లో రాణి అన్నదమ్ములను రాజధాని నుండి పంపేశారు. పాతికేళ్ళు నిండకుండానే రాణి కూడా కన్నుమూసింది. అయినా ఆ పుస్తకంలో ఏడుపు దాదాపు కనిపించదు. పోయిన మంచిరోజులను పోనివ్వకుండా పట్టుకోవడానికే ఆమె రాసిందేమో అనిపిస్తుంది.

రెండో రచయిత కమొ నొ చోమెయి. 1177లో క్యోటో నగరాన్ని కాల్చిన అగ్నిప్రమాదం, 1181–82 కరువు, 1185 భూకంపం కళ్ళారా చూసి, చివరికి సన్యసించి కొండమీద గుడిసె వేసుకున్నాడు. గుడిసె పొడవు పదడుగులు, వెడల్పు పదడుగులు. 1212లో రాసిన పుస్తకానికి ఆ గుడిసె పేరే పెట్టాడు. బుద్ధుడి బొమ్మ, కొన్ని పుస్తకాలు, రెండు తంత్రీ వాద్యాలు, ఇదే ఆయన ఆస్తి. ట్రంకు పెట్టెలో సంసారమంతా సర్దుకునే మనకు ఆ గుడిసె కొత్త కాదు. చివర్లో, ఈ గుడిసెను ఇంతగా ప్రేమించడం కూడా బంధమే కదా అని తననే తాను ప్రశ్నించుకున్నాడు.

మూడో వాడు యోషిదా కెన్‌కో అనే సన్యాసి. 1330 ప్రాంతంలో 243 ముక్కల పుస్తకం రాశాడు. అందులో చెట్లెక్కడంలో ఆరితేరిన ఒకతని సంగతి ఉంది. మనిషి చిటారు కొమ్మన ఉన్నంతసేపు అతను ఏమీ అనడు. దిగుతూ ఇంటి చూరు ఎత్తుకు వచ్చాక 'జాగ్రత్త' అంటాడు. పైన భయం ఉంటుంది కాబట్టి మనిషే జాగ్రత్త పడతాడు, తేలిక అనుకున్నచోటే జారతాడు అని అతని అనుభవం. సులువైన లెక్కలో మార్కులు పోగొట్టుకున్న వారికి ఇది బాగా తెలుసు.

ఈ సంప్రదాయం రాజుల కాలంతో పోలేదు. తెరాదా తొరాహికో అనే భౌతికశాస్త్రవేత్త 1922లో పిల్లల పత్రికలో, గిన్నెలోని వేడినీళ్ళ ఆవిరితో మొదలుపెట్టి మేఘాల దాకా, గాలుల దాకా వెళ్ళాడు.

జుయిహిత్సు అంటే తోచిందల్లా గీకడం కాదు. చూసినదాన్ని శ్రద్ధగా చూసి, ఉన్నదున్నట్టు చెప్పడం. పెద్ద విషయం అక్కర్లేదు. మేమూ నోటుబుక్కు చివరి పేజీలో ఇలా రాసి చూశాం:

గుండె గబగబా కొట్టుకునేలా చేసేవి – ఆదివారం గేటు దగ్గర నాన్న సైకిలు బెల్లు. స్టడీ అవర్‌లో వార్డెన్ సారు చెప్పుల చప్పుడు. పెట్టె అడుగున దాచిన పదిరూపాయల నోటు చేతికి తగలకపోవడం.

మూడూ మనవే. ఏ గైడులోనూ దొరకవు. వచ్చే సంచికకు మీ చివరి పేజీలు మాకు ఇవ్వండి.