అడవి కంటే ముందు పుట్టిన గోడ

అమ్మడూ, కనెక్టికట్‌లో మీ ఇంటి వెనక అడవిలో, వాగు వెంబడి కనిపించిన రాతి గోడల ఫొటోలు తీరిగ్గా చూశాను. "ఇల్లు లేదు, దారి లేదు, ఇంత అడవి మధ్యలోకి వచ్చి గోడ ఎవరు కట్టారు తాతయ్యా?" అని అడిగావు. అడవిలోకి వచ్చి ఎవరూ కట్టలేదమ్మా. కట్టినప్పుడు అక్కడ అడవే లేదు. గోడ ముందు, చెట్లు తర్వాత. ఆ గోడ మీదికి ఒరిగిన ఓక్ చెట్టు ఎంత లావుగా ఉన్నా, వయసులో గోడే పెద్దది.

ముందు రాళ్ల సంగతి చెబుతాను. సుమారు 20,000 ఏళ్ల క్రితం కెనడా వైపు నుంచి దిగిన ఒక మంచు పలక మీ న్యూ ఇంగ్లండ్ ప్రాంతాన్నంతా కప్పేసింది. దాని మందం కిలోమీటరు పైమాటే. అంచు న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ దాకా వెళ్లింది. అంత మంచు ఉన్నచోట ఊరికే ఉండదు, తన బరువుకు తానే మెల్లగా జారుతుంది. జారుతూ కింద ఉన్న కొండరాతిని పెళ్లగించి, ముక్కల్ని తనలో ఇరికించుకుని, రాపాడిస్తూ మోసుకుపోతుంది. వాతావరణం వేడెక్కి ఆ మంచు కరిగిపోయాక రాళ్లూ ఇసుకా బంకమట్టీ కలగాపులగంగా మిగిలాయి. ఈసారి వాగుకు వెళ్లినప్పుడు గోడలోంచి కాదు, నేల మీద పడి ఉన్న రాయి ఒకటి చేతిలోకి తీసుకుని చూడు. మూలలు కొంచెం అరిగి ఉంటాయి, కానీ పలకలు పలకలుగానే ఉంటుంది. పక్కనే వాగులో దొర్లిన రాయి తీసుకో. అది నున్నగా, గుండ్రంగా ఉంటుంది. మొదటిది మంచు మోసినది, రెండోది నీళ్లు మోసినది.

ఆ తర్వాత వేల ఏళ్ల పాటు అడవి పెరిగి, ఆకులు రాలి కుళ్లి, రాళ్ల మీద మెత్తటి మట్టి పొర ఏర్పడింది. అక్కడి మూలవాసులు ఆ నేలలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకున్నారు గానీ నాగలి కట్టి లోతుగా దున్నలేదు. 1600ల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు చెట్లు కొట్టి దుక్కి మొదలుపెట్టారు. మొదట్లో నేల బాగానే ఉంది. తర్వాతి తరాల వాళ్లకు మాత్రం ఏటా వసంతకాలంలో పొలం నిండా రాళ్లు తేలాయి. ఏరి పారేస్తే మరుసటి ఏడు మళ్లీ తేలాయి. ఈ నేలలో తప్పకుండా పండే పంట రాళ్లేనని అక్కడి రైతులు అనుకునేవారు.

ఇది ఎలా జరుగుతుందో నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. నీళ్లు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, ఆ సంగతి నీకు తెలుసు. నేలలో జరిగేది అంతకంటే ఎక్కువ. చలి పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు మట్టిలో సన్నని మంచు పొర ఒకటి ఏర్పడుతుంది. అది కింది తడిని పైకి లాక్కుంటూ మందమవుతుంది. పక్కనున్న తడిమట్టి కంటే రాయి వేడిని త్వరగా వదిలేస్తుంది, అందుకని రాయి అడుగున మంచు ముందుగా కడుతుంది. ఆ మంచు రాయిని ఒక్క పిసరు పైకి నెడుతుంది. వసంతం వచ్చి మంచు కరిగేటప్పుడు రాయి తిరిగి తన గూట్లోకి దిగాలి కదా? దిగలేదు. అప్పటికే పక్కనుంచి సన్నమట్టి జారి ఆ ఖాళీని నింపేస్తుంది. ఇలా చలికాలం చలికాలానికీ రాయి కొంచెం కొంచెంగా పైకెక్కుతుంది.

మరి అడవి ఉన్నన్నాళ్లూ రాళ్లు ఎందుకు తేలలేదు? చెట్ల నీడ, ఆకుల పరుపు, వాటి మీద నిలిచిన మంచు కలిసి నేలను చలి నుంచి కాపాడాయి. చెట్లు కొట్టి, ఆకులు పోయి, నేల బోడి అయ్యాక చలి లోతుగా దిగింది. మీ ప్రాంతంలో నేల మూడు నాలుగడుగుల దాకా గడ్డకట్టగలదని లెక్క. ఇంటి పునాదులు అంతకంటే లోతుగా వేసేది అందుకే. ఆ రాళ్లను తెచ్చింది మంచుయుగమే అయినా, పైకి రప్పించింది మాత్రం గొడ్డలి.

మన అనంతపురం మెట్ట పొలాల్లో వానలకు ముందు రాళ్లేరి గట్టున పోయడం మీ నాన్న చిన్నప్పుడు చూశాడు, అడుగు. కర్రు రాయికి తగిలి నాగలి ఎగిరిపడితే మేడి పట్టినవాడి భుజం అదిరిపోతుంది. న్యూ ఇంగ్లండ్ రైతులు చేసిందీ అదే పని. చేత్తో లేచేవి చేత్తో, లేవనివి గడ్డపారతో పెకలించి, చక్రాల్లేని చెక్క బండి మీదికి దొర్లించి, ఎద్దులతో పొలం అంచుకు లాగించారు. పారేయడానికి దగ్గర చోటు పొలం అంచే కదా. మొదట అది రాళ్ల కుప్ప. తర్వాత వరస. తీరిక దొరికాక పేర్చిన గోడ. చాలా గోడలు మోకాలికీ నడుముకీ మధ్యే ఆగిపోతాయి. అంతకు మించిన ఎత్తుకు బరువు రాయి లేపాలంటే ప్రాణం పోతుంది. పశువు దూకకుండా ఇంకా ఎత్తు కావాలంటే పైన కర్రలు అడ్డం పెట్టేవారు. ఆ కర్రలు ఎప్పుడో పుచ్చిపోయాయి.

ఈ కష్టమంతా ఒక్క రైతు, ఆయన కొడుకులు పడ్డారనుకోకు. కూలివాళ్లు, బానిసలుగా ఉంచుకున్న ఆఫ్రికా సంతతి వాళ్లు, మూలవాసులు ఆ రాళ్లు మోశారు. రోడ్ ఐలాండ్‌లో నారగాన్సెట్ జాతి వాళ్లు రాతిపనిలో పేరు పొందిన మేస్త్రీలు. తరాల తరబడి ఆ విద్య వాళ్ల ఇళ్లలో నిలిచింది.

తర్వాత గొర్రెలు వచ్చాయి. స్పెయిన్ మెరినో గొర్రెల ఉన్ని ఎంతో నాణ్యమైనది, వాటిని దేశం దాటనిచ్చేవారు కారు. నెపోలియన్ యుద్ధాల గందరగోళంలో ఆ కట్టడి సడలింది. లిస్బన్‌లో అమెరికా దౌత్యాధికారిగా ఉన్న విలియం జార్విస్ 1811 ప్రాంతంలో కొన్ని వేల గొర్రెల్ని ఓడల్లో తెప్పించాడు. ఇక మిగిలిన కొండవాలు అడవులు కూడా గొర్రెల మేతకు పోయాయి. 1840 నాటికి వెర్మాంట్‌లో మనిషికి దాదాపు ఆరు గొర్రెలు! న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్ కలిపి ఒకప్పుడు సుమారు 2,40,000 మైళ్ల రాతి గోడలు ఉండేవని 1871 నాటి కంచెల లెక్కల ఆధారంగా అంచనా కట్టారు. ఇక్కణ్ణుంచి చంద్రుడు కూడా రమారమి అంతే దూరం.

1825లో ఏరీ కాలువ తెరుచుకుంది, ఆ తర్వాత రైలు పట్టాలు పడ్డాయి. పడమట ఒహాయో వైపు రాయి లేని నల్లటి నేల దొరుకుతుంటే, ఏటా రాళ్లేరే పొలాన్ని ఎవరు పట్టుకుని కూర్చుంటారు? కొందరు పడమటికి, కొందరు బట్టల మిల్లులకు వెళ్లిపోయారు. పొలాలు బీడు పడ్డాయి, వాటిలో మొదట పొదలు, తర్వాత పైన్లు, ఓక్‌లు లేచాయి. ఇవాళ కనెక్టికట్‌లో సగానికి పైగా నేల అడవే.

ఇప్పుడు నీ ఫొటోల దగ్గరికి వద్దాం. మొదటి గోడలో పెద్ద రాళ్ల సందుల్లో పిడికెడేసి రాళ్లు బోలెడు ఉన్నాయి. దాన్ని బట్టి ఆ గోడకు ఒక పక్కన దున్నిన పొలం ఉండేదని చెప్పవచ్చు. గొర్రెలు మేసే బీడులో గుప్పెడు రాయి ఎవరికి అడ్డం? పెద్ద రాళ్లే ఉన్న గోడ పక్కన పచ్చిక ఉండి ఉంటుంది. ఏ పక్క దున్నారో తెలియాలంటే నేల చూడు. చెట్లు వేళ్లతో సహా కూలినచోట గుంట, దాని పక్కన మట్టి దిబ్బ మిగులుతాయి. పాత అడవి నేల అలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. దున్నిన నేల ఇప్పటికీ చదునుగానే ఉంటుంది. గోడ పక్కన కొమ్మలు నలువైపులా చాపిన బాగా ముసలి చెట్టు ఉందేమో కూడా చూడు. అడవిలో మొలిచిన చెట్టు వెలుగు కోసం నిటారుగా పోతుంది. కొమ్మలు చాపిన చెట్టు పెరిగేటప్పుడు చుట్టూ ఖాళీ పొలం ఉందన్నమాట.

నీ మూడో ఫొటోలోని గోడ మాత్రం వేరు జాతి. నాకు ఎక్కువ ఇష్టమైంది అదే. అది పొలం గోడలా వాగును అడ్డంగా దాటిపోవడం లేదు, వాగు వెంట నడుస్తోంది. రాళ్లు పెద్దవి, ముఖం చెక్కినవి, వెనక మట్టి దన్ను ఉంది. దాని పక్కన ఎండిపోయిన సన్నటి కాలువ ఉందని నువ్వే రాశావు. అమ్మడూ, అది మిల్లు కాలువ అయి ఉండాలి. వాగు వెంట పైకి నడిస్తే రెండు ఒడ్డుల్లోనూ ఎదురెదురుగా రాతి మొండేలు కనిపించాలి. మధ్య భాగం వరదకు కొట్టుకుపోయిన ఆనకట్ట అది. నీళ్లు అక్కడ నిలిచి, తూము గుండా ఈ కాలువలోకి వచ్చి, కింద చక్రాన్ని తిప్పేవి. చక్రంతో పిండిమరో, కోత మిల్లో నడిచేది. రాళ్ల అంచుల్లో సగం గొట్టంలా గుండ్రటి గాడి ఉందేమో వేలు పెట్టి తడుము. రాయికి వరసగా గుండ్రటి బెజ్జాలు తొలిచి, ఇనుప చీలలు కొట్టి పగలగొట్టిన గుర్తు అది. మీ వైపు ఆ పద్ధతి సుమారు 1830 తర్వాత వ్యాపించింది. అంతకు ముందు బల్లపరుపు గాళ్లు చెక్కేవారు. ఒక గాడిని బట్టి గోడ ఏ కాలానిదో అంచనా కట్టొచ్చన్నమాట.

ఇలాంటి చిన్న ఆనకట్టలు ఎన్ని ఉండేవో తెలుసా? 1840 జనాభా లెక్కల్లో తూర్పు అమెరికాలో నీటితో నడిచే మిల్లులు 65,000 పైగా నమోదయ్యాయి. పెన్సిల్వేనియాలోని ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కాలేజీకి చెందిన రాబర్ట్ వాల్టర్, డొరతీ మెరిట్స్ వీటి మీద పనిచేసి 2008లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. నిటారుగా లేచిన ఎత్తైన మట్టి ఒడ్లు, మధ్య మెలికలు తిరిగే ఒకే పాయ, ఇదే సహజమైన వాగు అని పాఠ్యపుస్తకాలు నేర్పాయి. వీళ్లిద్దరూ ఆ ఒడ్లను పరీక్షించి చూశారు. ఒకటి నుంచి ఐదు మీటర్ల దాకా ఉన్నది ఆనకట్టల వెనక మేట వేసిన ఒండ్రు. కొండలమీద చెట్లు కొట్టి దున్నితే కొట్టుకొచ్చిన మట్టి అది. దాని అడుగున నల్లటి బురదమట్టి, అందులో చిత్తడిలో పెరిగే మొక్కల గింజలు దొరికాయి. అంటే ఆ లోయల్లో మొదట ఉన్నది చిత్తడి నేల, దానిలో పారే సన్నసన్నని పాయలు. ఆనకట్టలు తెగాక వాగు ఆ మేటను కోసుకుంటూ లోతుకు దిగింది. వానొస్తే మీ వాగు ఎర్రమట్టి రంగు తేలుతుందా? తేలితే రెండొందల ఏళ్ల నాటి పొలాల మట్టి ఇంకా సముద్రానికి ప్రయాణం చేస్తోందేమో అనుమానించాలి. వాగును బాగుచేయాలంటే గట్లు గట్టి చేయాలా, మేట తీసేసి చిత్తడిని తిరిగి తేవాలా అన్న చర్చ దారిని ఈ పరిశోధన మార్చింది. పెన్సిల్వేనియాలో బిగ్ స్ప్రింగ్ రన్ అనే వాగు దగ్గర 2011లో మేట తవ్వి తీసి చూశారు, చిత్తడి తిరిగొచ్చింది.

ఇలాంటి గోడలు చూసి, కొలంబస్‌కు ముందే ఐర్లండ్ సన్యాసులు వచ్చి కట్టారని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆధారం లేని మాట అది. అలాగని రాళ్లన్నీ రైతులవేనని కొట్టిపారేయడమూ తప్పే. కొన్ని రాతి కుప్పలు, వరసలు తమ పూర్వీకుల పూజాస్థలాలని అక్కడి మూలవాసి జాతులు చెబుతున్నాయి. పొలానికి పనికిరాని చోట, దేనికీ సరిహద్దు కాని రాళ్లు శ్రద్ధగా పేర్చి కనిపిస్తే వాళ్ల మాట ముందు వినాలి.

నువ్వు అడిగిన మ్యాపు సంగతి. విమానం నుంచి లేజర్ కిరణాలు కురిపించి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతిని లైడార్ అంటారు. ఆకులు లేని కాలంలో ఎగిరితే కొమ్మల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకుతాయి. లెక్కలో చెట్లను తీసేస్తే బోడి నేల, దాని మీద గోడలు గీతలు గీతలుగా బయటపడతాయి. కనెక్టికట్ యూనివర్సిటీకి చెందిన కాథరిన్ జాన్సన్, విలియం విమెట్ 2014లో ఇలాగే అడవి కింద దాగిన పాత పొలాలు, బాటలు, ఇళ్ల పునాదులు చూపించారు. ఆ చిత్రాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. మీ వాగు పేరు కొట్టి వెతుకు. ఆనకట్ట గీత కనబడితే, దాని నుంచి విడివడే కాలువ గీత కూడా కనబడాలి.

వెళ్లేటప్పుడు పొడుగు ప్యాంటు, మేజోళ్లు వేసుకో. గోడ సందుల్లో తెల్లకాళ్ల ఎలుకలు, చిప్‌మంక్ ఉడతలు కాపురం ఉంటాయి. లైమ్ జబ్బు క్రిమి పిడుదులకు ఎక్కేది ఎక్కువగా ఆ ఎలుకల నుంచే. ఆ జబ్బుకు పేరొచ్చిందే మీ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి నుంచి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనకా, జుట్టులోనూ పిడుదులు ఉన్నాయేమో అమ్మ చేత చూపించుకో.

గోడలోంచి ఒక్క రాయి కూడా లాగకు. నాచు పట్టిన పాత రాళ్లను తోటల అలంకారానికి ట్రక్కుల్లో తరలించి అమ్ముకుంటున్నారు. న్యూ హాంప్‌షైర్‌లో సరిహద్దు గోడ రాళ్లు ఎత్తుకుపోతే వాటిని తిరిగి పేర్పించే ఖర్చుకు మూడింతలు కట్టాలని చట్టమే ఉంది. నీకు కావలసింది రాయి కాదు, అది ఉన్న చోటు. టేపు తీసుకెళ్లి గోడ మందం, ఎత్తు కొలువు. అందులో అతి పెద్ద రాయి, అతి చిన్న రాయి ఏ సైజో, ఏ పక్కన నేల చదునుగా ఉందో రాసుకో. ఆనకట్ట మొండేలు దొరికితే రెండింటి మధ్య దూరం కూడా రాయి. అవి పంపితే చక్రానికి ఎంత ఎత్తు నుంచి నీళ్లు పడేవో ఇద్దరం కూర్చుని లెక్కకడదాం.